చెరో చెవి

విశాఖపట్నంలో ఒక పళ్ళ డాక్టరు తన మోనోబ్లాక్ ఆంప్లిఫయర్లు అమ్మేస్తున్నాడని తెలిసి, నేనూ మా బావమరిది ప్రదీప్ కుమారూ, అతని దుకాణంలో జీడిపప్పు మోసే వ్యాను వేసుకుని వెళ్ళాం. డాక్టరుగారి భార్య మమ్మల్ని గుమ్మంలోనే చూసి “తీసుకెళ్ళేది మీరేనా బాబూ?” అని అడిగింది. ఔనన్నాం. కూర్చోబెట్టి ఉప్మా పెట్టింది. వద్దంటున్నా రెండోసారి వడ్డించింది. పెట్టెల్ని వ్యానులోకి ఎక్కించేటప్పుడు తనూ ఒక చెయ్యి వేసింది. మేము వీధి మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడి చెయ్యి ఊపింది. ఒక ఇల్లాలు ఒక వస్తువుని అంత సంతోషంగా సాగనంపుతోందంటే, ఆ వస్తువుతో కాపురం ఎలా ఉంటుందో ఎవరికైనా అర్థమవ్వాలి. నేను ఫిజిక్స్ లెక్చరర్ని. నాకు అలాంటివి అర్థం కావు.

మోనోబ్లాక్ అంటే ఏమిటో చెబుతాను. మామూలు ఆంప్లిఫయర్ ఒకే పెట్టెలోంచి రెండు స్పీకర్లకీ బలం ఇస్తుంది. చెవిపిచ్చి ఉన్నవాడికి అది చాలదు. ఎడమ స్పీకరుకి ఒక పెట్టె, కుడి స్పీకరుకి ఇంకో పెట్టె కావాలి. చెవికో పెట్టె అన్నమాట. ఒక్కొక్కటీ ధాన్యం బస్తాలో సగం బరువుంటుంది. బస్తానైతే కావలించుకుని ఎత్తవచ్చు, దీన్ని ఎక్కడ పట్టుకున్నా చెయ్యి తెగుతుంది. నాకొక్కడికీ కొనే తాహతు లేదు, ప్రదీప్‌కీ లేదు. అందుకని కలిసి కొన్నాం.

ప్రదీప్ మా ఆవిడ హెలెన్‌కి తమ్ముడు. కాశీబుగ్గలో జీడిపప్పు దుకాణం నడుపుతాడు. మా వైపు అలవాటు ప్రకారం ఇద్దరం ఒకరినొకరం ‘బావా’ అనే పిలుచుకుంటాం. పెట్టెలు ఒక నెల టెక్కలిలో మా ఇంట్లో, ఒక నెల కాశీబుగ్గలో వాళ్ళింట్లో ఉండాలని ఒప్పందం. స్పీకర్లు ఎవరివి వాళ్ళకి ముందే ఉన్నాయి.

మొదటి నెల మాది. స్విచ్చి వెయ్యగానే మా ఇంట్లో దీపాలతో పాటు మేడ మీద ఇంటాయన అనంతపద్మనాభం గారి దీపాలు కూడా ఒకసారి కళ్ళు మూసి తెరిచేవి. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, చాలా మర్యాదస్థుడు. ఒక సాయంత్రం మెట్ల మీద ఎదురై, “జయకర్ గారూ, మీ సంగీతం మా దాకా ఇంకా రాలేదు గాని, మీరు మొదలెట్టినట్టు మా ట్యూబులైటు మాకు చెబుతోంది” అన్నాడు. నేను దాన్ని పొగడ్తగా తీసుకున్నాను.

పెట్టెలు పొయ్యిలా కాగేవి. అది మేలురకం ఆంప్లిఫయర్ లక్షణం. గదిలో ఫ్యాను వెయ్యకూడదని నేను నియమం పెట్టాను, ఫ్యాను చప్పుడు పాటలో కలుస్తుంది కనక. కిటికీలు తెరవకూడదు, హైవే మీద బస్సుల మోత లోపలికి వస్తుంది కనక. మా కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మహీధర్‌ని ఒక ఆదివారం పిలిచి కూర్చోబెట్టాను. రెండు పాటలు విన్నాక అతని చొక్కా ఒంటికి అంటుకుపోయింది. “బాగుంది సార్, చాలా... స్పష్టంగా ఉంది” అని లేచి, మళ్ళీ మా వీధి వైపు రాలేదు. కాలేజీలో నేను పాటల మాట ఎత్తితే అతనికి వెంటనే ల్యాబులో పని గుర్తొచ్చేది.

హెలెన్ ఇడ్లీ పిండి గిన్నె తెచ్చి ఎడమ పెట్టె మీద పెట్టింది. డిసెంబరు నెల, పిండి సరిగా పులవడం లేదు. నేను కెవ్వున అరిచాను.

“ఏంటండీ ఆ అరుపు? వెచ్చగా ఉంది కదా అని పెట్టాను. ఈ పెట్టెల వల్ల ఈ ఇంట్లో ఒకరికైనా ఉపయోగం ఉండనివ్వండి.”

గిన్నె బరువుకి పెట్టెలో కంపనాలు మారి మంద్రస్థాయి చెడుతుందని ఆమెకి వివరించాను. మర్నాడు ఇడ్లీలు దూదిలా వచ్చాయి. మంద్రస్థాయి గురించి మళ్ళీ మాట్లాడలేదు.

నెల తిరిగి పెట్టెలు కాశీబుగ్గ వెళ్ళాయి. బిగించి ఇవ్వడానికి నేనూ వెళ్ళాను. ప్రదీప్ భార్య గ్లోరీ టీ ఇచ్చింది. పాట వేశాం. ప్రదీప్ కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు. అప్పుడు నేను నోరు మూసుకుని టీ తాగి ఉంటే ఈ కథ లేదు.

“కొంచెం మసకగా ఉంది బావా” అన్నాను.

“మసకా? ఏటి మసక?”

“మీ కరెంటు. ఈ వీధిలో జీడి ఫ్యాక్టరీల మోటార్లు ఎక్కువ కదా, కరెంటు మురికైపోతుంది. మా టెక్కలి కరెంటు తేట.”

ప్రదీప్ కళ్ళు తెరిచాడు. “కరెంటులో తేటేటి, మురికేటి బావా? పిల్లలకి ఇదేనా నువ్వు సెప్పీది?”

“నీకు తెలియకపోవడంలో నీ తప్పు లేదులే. పొద్దస్తమానం మిషన్ల మోతలో ఉంటావు. చెవి మొద్దుబారుతుంది.”

అతను లేచి పాట ఆపేశాడు. “నా కొట్టు సిన్నదన్నావు, ఊరుకున్నాను. నా వేను పాతదన్నావు, ఊరుకున్నాను. నా కరెంటునీ, నా సెవినీ అంటే ఊరుకోను. నీ వాటా నువ్వు పట్టుకెల్లిపో బావా!”

నాకూ పౌరుషం వచ్చింది. ఎడమ పెట్టె నాది, కుడి పెట్టె అతనిది అని అక్కడికక్కడే పంచుకున్నాం. దుకాణంలో పనిచేసేవాళ్ళు నా పెట్టెని ఆటోలో పెట్టారు. గ్లోరీ గుమ్మంలో నిలబడి, “బంగారంలాటి గుండుని బద్దలు సేసీసినారు. బద్దకి ఏటి రేటుంటాది?” అంది. జీడిపప్పులో గుండుకున్న విలువ విరిగిన బద్దకి ఉండదు.

ఆ తర్వాత నేను సగం పాటతో బతికాను. స్టీరియో పాటలో కొన్ని వాయిద్యాలు ఎడమ స్పీకరుకీ, కొన్ని కుడి స్పీకరుకీ పంచి ఉంటాయి. రెండు వైపులనీ కలిపి ఒకే పెట్టెలోకి పంపే వైరు లేకపోలేదు, ఏ కరెంటు సామాన్ల కొట్లోనైనా దొరుకుతుంది. కాని అలా కలపడం గుండ్లలో బద్దలు కలిపి అమ్మడంలాంటి కల్తీ అని ప్రదీప్‌కి నేనే ఉపన్యాసం ఇచ్చి ఉన్నాను. అందుకని ఎడమ వైపు ఏది వస్తే అది విన్నాను. కొన్ని పాటల్లో తబలా లేదు. కొన్నింట్లో వయొలిన్లు ప్రశ్న వేసి జవాబు కోసం ఎదురుచూసి ఊరుకునేవి. ఎవరైనా అడిగితే, “ఒకే స్పీకరులో వినడమే అసలైన పద్ధతి, రెండోది ఆడంబరం” అని చెప్పేవాణ్ణి. హెలెన్ పని లేని రెండో స్పీకరు మీద క్రోటన్ మొక్క పెట్టింది.

అటు ప్రదీప్ కూడా కుడి పక్కతోనే సరిపెట్టుకున్నాడని హెలెన్‌కి గ్లోరీ ఫోనులో చెప్పింది. నేను చెప్పిన కల్తీ సిద్ధాంతాన్ని ఈ లోకంలో నమ్మినవాడు అతనొక్కడే.

ఇలా ఉండగా మా అత్తవారి ఊళ్ళో, పూండి దగ్గర, చర్చి బీరువా సర్దుతుంటే పాస్టరుగారికి ఒక క్యాసెట్ దొరికింది. ఎప్పుడో చర్చి జూబిలీకి విశాఖ నుంచి రికార్డింగు మనిషి వచ్చినప్పటిది. అందులో మా మామగారు అంద్రెయ, అత్తగారు దయమ్మ కలిసి పాడిన పాట ఉంది. పాట కట్టింది మామయ్యే. అప్పటికి వాళ్ళకి కొత్తగా పెళ్ళయింది. పాస్టరుగారు దాన్ని పెన్‌డ్రైవ్‌లలోకి ఎక్కించి హెలెన్‌కొకటి, ప్రదీప్‌కొకటి పంపారు.

మామయ్యకి జీడితోట, కొబ్బరిచెట్లు ఉన్నాయి. తోట సబ్‌డివిజన్ పని మీద టెక్కలి వచ్చి మా ఇంట్లో దిగాడు. భోజనం అయ్యాక ఆయన్ని స్పీకరుకి ఎదురుగా కూర్చోబెట్టి పాట పెట్టాను.

ఆయన గొంతు గదంతా నిండింది. కుర్రతనం, ధీమా, కొబ్బరాకు మీద గాలిలాంటి ఒక వణుకు. మామయ్య నోరు తెరుచుకుని చూస్తున్నాడు. వెనకాల చాలా దూరంలో, పక్కింట్లోంచి వస్తున్నట్టు, అత్త గొంతు గొణుగుతోంది. రెండో చరణం ముందు పాట ఆగింది. మామయ్య గొంతే “ఏటి?” అంది. కాస్త నిశ్శబ్దం. తర్వాత గట్టిగా, “నీదే!” అంది. మళ్ళీ పాట.

నేను ఆపి వివరించాను. “విన్నారా మావయ్యా? ఎవరో పిలిచినట్టు ‘ఏటి?’ అన్నారు. తర్వాత ‘నీదే’ అన్నారు. మహిమంతా నీదే అని దేవుడితో అన్నారన్నమాట. పాటలో అంత లీనమైపోయారు.”

మామయ్య కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. “అనుంటాను బాబూ. ఆ వొయసులో నాకు బత్తి ఎక్కువ.”

“అత్త గొంతు మాత్రం ఎక్కడో దూరంగా ఉంది.”

“అదెప్పుడూ అంతే బాబూ. నోరు కదిపీది గాని పాట నేదు.”

అదే వారంలో అత్త కళ్ళజోడు కోసం కాశీబుగ్గ వెళ్ళి ప్రదీప్ ఇంట్లో ఉంది. అతను తన కుడి పెట్టెలో పాట వినిపించాడు. అక్కడ అత్త గొంతు ఇల్లంతా నిండిందట, మామయ్యే ఎక్కడో గొణుగుతున్నాడట. మధ్యలో పాట ఆగి, అత్త గొంతు “దిగిపోనాది” అంది. కొంచెంసేపాగి, “సుతి!” అంది. ప్రదీప్ ఏం తక్కువవాడు? “పాపాల బరువు దిగిపోనాది, దేవునికి స్తుతి అన్నావమ్మా!” అని అర్థం చెప్పాడు. అత్త చేతులు జోడించింది. “మరి మీ నాన్న నా యెనకాల నిలబడి గొణుక్కున్నాడా ఆ రోజంతా?” అందట.

ఇద్దరూ ఊరు చేరారు. రెండో రోజు సాయంత్రం హెలెన్‌కి ఫోను వచ్చింది. స్పీకరులో పెట్టింది కనక నేనూ విన్నాను.

“ఒలే హెలెనూ, మీ నాన్నకి సెప్పు. ఆ పాట నేనే పాడినానని కాశీబుగ్గ మిషన్లో నా సెవులారా ఇన్నాను. ఈయన ఒప్పుకోడు.”

వెనక నుంచి మామయ్య. “నానేటి ఒప్పుకునీది? టెక్కలి మిషన్లో ఇన్నాను నాను! నీ గొంతే నేదు అందులో!”

వారం గడిచినా వాళ్ళు మాట్లాడుకోవడం లేదు. మామయ్య పూండి హోటల్లో టిఫిన్ చేస్తున్నాడు. ఆదివారం చర్చిలో ఆయన లేచి పాడబోతే అత్త స్త్రీల వైపు నుంచి లేచి బయటికి వెళ్ళిపోయింది. జీవితమంతా కలిసి పాడినవాళ్ళు. పాస్టరుగారు నాకు ఫోను చేసి, “మీరు చదువుకున్నవాళ్ళు, విని ఒక మాట తేల్చండి” అన్నారు.

నేను తేల్చాను. ఆ సంగతి చెప్పడానికి సిగ్గుగానే ఉంది. తలుపులు వేసుకుని, ఫ్యాను ఆపుకుని, చెమటలు కక్కుతూ మళ్ళీ మళ్ళీ విన్నాను. పాట దాదాపు అంతా మామయ్యదే, అత్తది సహకారం మాత్రమేనని పాస్టరుగారికి శాస్త్రీయంగా చెప్పాను. పిల్లలకి స్టీరియో పాఠం ఏటా చెప్పే మనిషిని నేను.

ఆ మధ్యాహ్నం హెలెన్ పెన్‌డ్రైవ్ తీసి హాల్లో ఉన్న పాత టీవీకి గుచ్చింది. వంటింట్లో పని చేసుకుంటూ వినడానికి. కాసేపటికి గరిటె పట్టుకునే నా దగ్గరికి వచ్చింది.

“టీవీలో ఇద్దరూ పాడుతున్నారండీ.”

“టీవీ స్పీకర్లని నమ్మకూడదు హెలెన్. అవి చాలా చిన్నవి.”

“చిన్నవే. కాని రెండున్నాయి.”

ఆమె గరిటె దించింది.

“చర్చిలో మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క కదా. నాన్న ముందొక మైకు, అమ్మ ముందొక మైకు పెట్టుంటాడు ఆ రికార్డింగు మనిషి. ఎడమది మీరు తెచ్చుకున్నారు, కుడిది తమ్ముడు ఉంచుకున్నాడు. పెట్టెలే అనుకున్నాను, మా అమ్మానాన్నల్ని కూడా పంచేసుకున్నారా?”

భూమి చీలితే బాగుండనిపించింది. ‘టీవీలో విన్నాం’ అని ఫోనులో చెబితే ఆ ఇద్దరూ నమ్మరు. మోనోబ్లాక్‌ల మీద అంత గొప్ప ప్రచారం చేసింది మేమే. అందుకని, ఆదివారం రెండు పెట్టెలూ ఊరికి చేరాలని హెలెన్ ఆజ్ఞ వేసింది. తమ్ముడికి తనే ఫోను చేసింది. ఆ ఫోనులో ఏమన్నదో నాకు తెలియదు. తలుపు వేసుకుని మాట్లాడింది.

ఆదివారం పొద్దున్న నా పెట్టె, స్పీకర్లు ఆటోలో వేసుకుని పూండి చేరాను. అక్కడి నుంచి ఊళ్ళోకి ఇసుకదారి, ఆటో రాదు. ప్రదీప్ వ్యానుతో రైల్వేగేటు దగ్గర నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, నా వెనకాల పట్టాల్ని చూశాడు. పెట్టెని ఆటోలోంచి వ్యానులోకి మార్చాలి, ఒక్కడివల్ల అయ్యే పని కాదు. చెరో అంచూ పట్టుకున్నాం.

“ఎత్తు” అన్నాడు.

“ఎత్తుతున్నాను.”

“ఇటు తిప్పు.”

“కాలు... నా కాలు!”

“ఏదీ, సూడనీ” అని అతను గబగబా పెట్టె దించి నా పాదం చూశాడు. గోరు కమిలింది. వ్యానులోంచి నీళ్ళ సీసా తెచ్చి పోశాడు. దారిలో ఇసుకలో చక్రం కూరుకుపోయినప్పుడు నేనే దిగి తోశాను.

చర్చి అయిపోయాక జనం మా అత్తవారి వాకిట్లో చేరారు. బోరు మోటారుకి వేసిన లైను నుంచి కరెంటు తీశాం. మామయ్య ఒక చివర, అత్త ఒక చివర కుర్చీలు వేసుకుని, చెరో దిక్కుకీ మొహాలు తిప్పుకుని కూర్చున్నారు. పాట పెట్టాను.

ఎడమ నుంచి మామయ్య, కుడి నుంచి అత్త. రెండు పడుచు గొంతులు చర్చి మధ్యదారి మీదుగా ఒకదాన్నొకటి వెతుక్కుంటూ వచ్చి నడిమధ్యలో కలిశాయి. ఆ మధ్యలో స్పీకరు లేదు, ఉత్త గాలి. ఇద్దరూ అక్కడే ఉన్నారు. అత్త తల తిప్పింది. మామయ్య ముందే తిప్పి ఉన్నాడు.

మొదటి చరణం అయింది. పాట ఆగింది.

“దిగిపోనాది” అంది కుడి స్పీకరు.

“ఏటి?” అంది ఎడమ స్పీకరు.

“సుతి!”

“నీదే!”

మళ్ళీ పాట అందుకుంది. వాకిలంతా ఘొల్లుమంది. పాస్టరుగారు నవ్వాపుకోలేక బైబిలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. దేవుడి సంభాషణ అని నేనూ, పాపభారం అని ప్రదీపూ అర్థం చెప్పినది, శ్రుతి ఎవరిది తప్పిందని కొత్త మొగుడూ పెళ్ళాల తగువు.

“సూసినారా! అప్పుడూ ఒప్పుకోనేదు, ఇప్పుడూ ఒప్పుకోడు” అంది అత్త, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. అది నవ్వో ఏడుపో నాకు తెలియలేదు.

“మళ్ళీ ఎయ్యి బాబూ” అన్నాడు మామయ్య. “సుతి ఎవులిదో ఇయ్యాల తేలిపోవాల.”

మళ్ళీ వేశాను. అందరూ నా వైపు చూశారు. నేను ఈసారి ఏమీ తేల్చలేదు. ప్రదీప్ నా పక్కకి వచ్చి చెవిలో, “ఇద్దరిదీ దిగిపోనాది బావా” అన్నాడు.

“నాకూ అలాగే వినిపించింది” అన్నాను. ధ్వని విషయంలో మా ఇద్దరికీ కుదిరిన మొదటి ఏకాభిప్రాయం అది.

మధ్యాహ్నం రొయ్యల కూరతో భోజనాలయ్యాయి. మామయ్యకి అత్తే వడ్డించింది, శ్రుతి గురించి వాదిస్తూనే. సాయంత్రం వ్యాను వెనక్కి తిప్పి, పెట్టెలు ఎత్తడానికి మేమిద్దరం వంగాం. మామయ్య వచ్చి ఒక పెట్టె మీద చెయ్యి వేశాడు.

“ఇయి ఇక్కడే ఉండనీండి. మీకాడ ఉంటే కొట్టుకుంటారు.”

“మరి మీరు?”

“మేవూ కొట్టుకుంటాం. కాని మాకు రెండూ ఒక్కసోటే ఉంటాయి కదా.”

ఇద్దరం పెట్టెలు వదిలేశాం. స్పీకర్లు కూడా అక్కడే ఉండిపోయాయి. అప్పటి నుంచి ఆదివారం వస్తే నేనూ హెలెన్ టెక్కలి నుంచి, ప్రదీపూ గ్లోరీ కాశీబుగ్గ నుంచి అక్కడికి వెళుతున్నాం. పేరుకి మా పెట్టెలు వినడానికే. వెళ్ళేసరికి ఊళ్ళోవాళ్ళు వాళ్ళ పెళ్ళిళ్ళ పాటలు, మనవల బడి పద్యాలు, పోయినవాళ్ళ ఫోను మాటలు పెన్‌డ్రైవ్‌లలో పట్టుకుని వరసగా కూర్చుని ఉంటారు. మామయ్య ఎవరినీ కాదనడు. వాకిట్లో కిటికీలు మూసే సమస్య లేదు. కాకులు, కొబ్బరాకులు, బోరు మోటారు, అన్నీ పాటలో కలిసే వినిపిస్తాయి.

రెండు స్పీకర్లకీ సరిగ్గా మధ్యన, ధ్వని పరిపూర్ణంగా కుదిరే చోటు ఒకటుంటుంది. దాన్ని వెతకడానికి నేను మా ఇంట్లో టేపుతో కొలిచి, నేల మీద సుద్దతో గీతలు గీసినవాణ్ణి. ఇక్కడ ఆ చోట పక్కింటి ముసలమ్మ కుర్చీ వేసుకుంటుంది. మొదటి పాటకే నిద్రపోతుంది. పోయిన ఆదివారం లేపుదామని దగ్గరికి వెళ్ళాను.

“పడుకోనీ బాబూ” అంది అత్త. “దానికి రాత్రుళ్ళు నిద్దర పట్టదు.”

నేను వచ్చి ప్రదీప్ పక్కన అరుగు మీద కూర్చున్నాను. అతను జేబులోంచి ఇన్ని జీడిపప్పులు తీసి నా చేతిలో పోశాడు.